బొమ్మ తలకిందులైతేనే డిష్ ముట్టాలి

కాదు, ఆ వీడియో నా ఫోన్లోంచి తీసెయ్యను. నిన్న క్యాంటీన్లో మీరు నలుగురూ ఎంత నవ్వినా సరే. "మసకమసగ్గా ఒక టీవీ, అందులో తలకిందులుగా ఏదో నిచ్చెన, ఆడపిల్లల కేకలు, తర్వాత నీలం తెర. దీని కోసం మెమరీ కార్డు వేస్ట్ చేస్తారా మేడమ్?" అన్నారు. అక్కడితో ఆగినా నేను ఊరుకునేదాన్ని. "మధ్యలో లేచి పరిగెత్తాడే ఆ ముసలాయన, ప్రోగ్రాం పాడు చేసింది ఆయనేనా?" అని ఒకరు అన్నారు చూడండి, అప్పుడే నేను టీ వదిలేసి లేచిపోయాను. కోపం వస్తే నాకు మాట సరిగా రాదు. వచ్చిన మాట పనికొచ్చేదిగా ఉండదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

వచ్చే నెల మీరు ఫీల్డుకి వెళ్తున్నారు. నేను ఫీల్డు వదిలి రెండేళ్లయింది. ఇరవై ఆరేళ్లకే పెన్షన్ తీసుకున్న పెద్దమనిషిలా జ్ఞాపకాలు చెప్తోందేంటి అనుకుంటే అనుకోండి. ఆ అడవి అంచున తిరిగింది మూడేళ్లే అయినా, చేసిన తప్పులు ముప్పై ఏళ్లకి సరిపడా ఉన్నాయి. వాటిలో పెద్దది ఇది.

మన పని మీకు తెలిసిందే. హైదరాబాద్ స్టూడియోలో ఒక సార్ పాఠం చెప్తాడు. అది ఉపగ్రహానికి ఎక్కి, అక్కడి నుంచి బడుల్లో పెట్టిన డిష్‌లలోకి దిగుతుంది. డిష్ వెంట్రుకవాసి పక్కకి చూసినా బొమ్మ రాదు. ఆ వెంట్రుకవాసిని సరిచేసే కాంట్రాక్టు టెక్నీషియన్ని నేను. ఖమ్మంలో కిరాయి గది. భుజాన సిగ్నల్ కొలిచే మీటర్ సంచి, ఒక చేతిలో పానా, ఇంకో చేతిలో ఫోన్. చండ్రుగొండ దాటి, భద్రాచలం దాటి, బస్సు ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి నడక. హైదరాబాద్‌లో పెరిగినదాన్ని కదా, ఫోన్ మీద ఒక్క సిగ్నల్ గీత కూడా లేని చోటు ఉంటుందని అక్కడే తెలుసుకున్నాను. సిగ్నల్ లేని ఫోన్ని కూడా ఐదు నిమిషాలకోసారి తీసి చూసేదాన్ని. అలవాటు.

ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఒకటి నా వంతుకి వచ్చింది. అక్కడ ఫోన్ పలికే చోటు ఒక్కటే, నీళ్ల ట్యాంకు పైన. ఇనప నిచ్చెన ఎక్కి, పైన నిలబడి చెయ్యెత్తితే రెండు గీతలు.

బడిని నడిపేది వార్డెనమ్మ. ముదిగొండ వైపు ఆవిడ. ఆదివారం భద్రాచలం వెళ్లి ప్రార్థన చేసుకుని సాయంత్రం బస్సుకి వచ్చేసేది. మిగతా ఆరు రోజులూ బడే ఆవిడకి చర్చి. ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. పైనుంచి వచ్చినవాళ్లు ఎవరేం చెప్పినా "సూచనల రిజిస్టరు"లో రాసి, సోమవారం ప్రేయర్లో పిల్లలకీ స్టాఫ్‌కీ చదివి వినిపించేది. "నీళ్లు కాచి తాగవలెను." "చేతులు కడుగవలెను." అలాంటివి. పైనుంచి వచ్చినవాళ్ల లెక్కలో నేను కూడా ఉన్నానని నాకు అప్పటికి తెలియదు.

ఇంకొకరు వాచ్‌మన్. యాభై దాటిన కోయ మనిషి. పిల్లలంతా తాత అనేవాళ్లు. పగలు గేటు, పొద్దున సాయంత్రం నీళ్ల మోటరు. డిష్ బిగించిన రోజున వార్డెనమ్మ "దీని జిమ్మేదారి నీదే" అందట. ఆ మాట ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నాడో తర్వాత తెలిసింది.

మూడోసారి నేను ఆ బడికి వెళ్లింది జూన్ చివర్లో. గేటు దగ్గర నుంచే కనపడింది. ఆకాశాన్ని చూడాల్సిన డిష్ వంటగది గోడని చూస్తోంది. బోల్టులు వదులు చేసి ఉన్నాయి. అంతకుముందు రెండుసార్లూ ఇదే. పూటంతా ఎండలో నిలబడి సరిచేసి వెళ్లడం, కొన్నాళ్లకే మళ్లీ అదే కథ.

"డిష్ ఎవరు తిప్పిండ్రు?" అని అక్కడి నుంచే అరిచాను.

వాచ్‌మన్ మోటరు గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "బోల్టులు ఇప్పింది నేనే మేడం. పొద్దుగాల కోతులు..."

"నీ తప్పు కోతుల మీద పెట్టకు. గోడకు చూపిస్తే ఏమొస్తది? గోడల సైన్సు సార్ ఉన్నడా?"

ఆయన ఆగిపోయాడు. వరండాలో చీపుర్లు పట్టుకున్న అమ్మాయిలు కూడా ఆగిపోయారు. నేను ఆగలేదు. గుడ్డ తీసి స్తంభానికి అంటిన తెల్లటి రెట్టలు తుడిచి, మీటర్ పెట్టి, డిష్ సరిచేస్తూ తిడుతూనే ఉన్నాను. ఆయన పక్కనే నిలబడి అంతా విని, చివర్లో నెమ్మదిగా అడిగాడు.

"మరి ఎప్పుడు ముట్టాల్నో చెప్పుండ్రి మేడం. బొమ్మ పోతే ముట్టాల్నా?"

"ముట్టొద్దు. ఫోన్ చెయ్యాలె."

"ఫోనేడుంది మేడం?"

"ట్యాంకు మీదికెక్కి ఎవరిదన్న ఫోన్లకెల్లి చెయ్యి. నువ్వు మాత్రం ముట్టొద్దు."

"గాలికి ఒరిగితే?"

"ముట్టొద్దు!"

"ఇగ ఎప్పుడు ముట్టాలె?"

అప్పుడు అన్నాను ఆ మాట. "టీవీల మనుషులు తలకిందులుగ నడిస్తే గప్పుడు ముట్టు. బొమ్మ తలకిందులైతేనే డిష్ మీద చెయ్యి పెట్టాలె. సమజైందా?"

ఆయన నవ్వలేదు. నా మొహం చూసి ఇంకోసారి అడిగాడు. "తలకిందులైతెనే?"

"అవ్. గప్పుడు జల్దీ ఉరుకు. ఎవ్వరినీ అడగకు."

తలూపి, నేరుగా వార్డెనమ్మ గదికి వెళ్లాడు. చాడీలు చెప్పడానికి వెళ్తున్నాడనుకున్నాను. నేను ట్యాంకెక్కాను. చెయ్యెత్తి రెండు గీతలు రాగానే ఖమ్మంలో ఉన్న సూపర్‌వైజర్‌కి మెసేజ్ కొట్టాను. ఈ స్కూల్లో వాడకం లేదు, స్టాఫే డిష్ పాడు చేస్తున్నారు, సెట్ వేరే స్కూల్‌కి మార్చడం మంచిది. బటన్లు విరిగేలా నొక్కాను. మెసేజ్ వెళ్లినట్టు టిక్కుమంది. ఆ టిక్కు విన్నప్పుడు కలిగిన హాయి ఇప్పటికీ గుర్తుంది. సిగ్గుతో చెప్తున్నాను.

రెండు వారాలకి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఆయనది సత్తుపల్లి వైపు. మాట మెత్తగా ఉంటుంది, కబురు మాత్రం మెత్తగా ఉండదు.

"అమ్మాయ్, నీ మెసేజ్ బాగా పనిచేసింది. ఆ సెట్టు మాకివ్వండని కూసుమంచి వైపు బడివాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. చంద్రుడి మీద మనిషి దిగినప్పటి టీవీ ప్రసారం ఉంది చూడు, దాన్ని కత్తిరించకుండా వచ్చే వారం అన్ని బడులకీ వేస్తున్నారు. ఆ రోజు ఆఫీసరు గారు మీ అడవి బడికి వస్తారు. బొమ్మ ఆడితే ఉంచుతారు. ఆడకపోతే విప్పి ఆయన జీపులోనే వేసుకొచ్చెయ్."

"సరే సార్" అన్నాను. బరువు దిగినట్టే ఉంది నాకు. ఒక బడి తక్కువ, అంత నడక తక్కువ.

ముందురోజు మధ్యాహ్నానికే వెళ్లాను. ఈసారి డిష్ కదల్లేదు. వార్డెనమ్మ టీ ఇచ్చి, నా ముందు నోటు పుస్తకాల దొంతర పెట్టింది. పదో తరగతి పిల్లలవి. తెరిచాను. కాంతి పరావర్తనం, ఓమ్ నియమం, త్రికోణమితి. ప్రతి పాఠం పైనా తేదీ. ఒక అమ్మాయి టీవీలో సార్ గీసిన బొమ్మలతో పాటు ఆ సార్ కళ్లజోడు కూడా గీసింది.

"సైన్సు సార్ పోస్టు ఖాళీ, లెక్కల సార్ పోస్టు ఖాళీ" అంది వార్డెనమ్మ. "ఇద్దరూ బదిలీ చేయించుకుని పోయిండ్రు. మాకు ఆ డబ్బానే సార్. రేపు దాన్ని తీస్కపోతరంట గద, మార్చిల వీళ్లు ఏం రాస్తరు?"

తేదీలు మళ్లీ చూశాను. నేను "వాడకం లేదు" అని రాసిన వారంలోనే నాలుగు పాఠాలున్నాయి. డిష్ గోడని చూస్తున్న బడిలో పాఠాలు ఎలా వచ్చాయి? అడగాలనిపించింది. అడిగితే ఆ మెసేజ్ పంపింది నేనేనని చెప్పాల్సి వస్తుంది. టీ తాగేశాను.

ఆ సాయంత్రం కరెంటు ఒక్క గంట వచ్చింది. టీవీకి బ్యాటరీ ఉంది, మిగతా వాటికి ఆఫీసు గదిలో ప్లగ్గు ఒక్కటే. మీటర్ ఛార్జింగ్ పెట్టాలా, ఫోన్ పెట్టాలా? డిష్ బాగానే ఉంది, రేపు మీటర్‌తో పనేముంది అనుకున్నాను. ఫోన్ పెట్టాను.

మర్నాడు పదిన్నరకి ఆఫీసరు జీపు వచ్చింది. బక్కపల్చటి మనిషి. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూస్తాడు. పెద్ద గదిలో పిల్లలంతా నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. పదో తరగతి ముందు వరుస. గుమ్మంలో ముక్కాలి పీట మీద వాచ్‌మన్. అక్కడి నుంచి టీవీ కనిపిస్తుంది, బయట డిష్ కూడా కనిపిస్తుంది. నేను గోడకి ఆనుకుని ఫోన్లో వీడియో తీయడానికి సిద్ధంగా ఉన్నాను.

ప్రసారం మొదలైంది. మీలో ఎవరైనా దాన్ని మొత్తం చూశారా? మొత్తం అంటే మొత్తం. అందరూ చూసేది ఆ అడుగు ఒక్కటే. అసలు ప్రసారంలో ఎక్కువ భాగం ఎదురుచూపే. అమెరికా స్టూడియోలో కళ్లజోడు తీసి తుడుచుకునే మనుషులు, గరగరమనే గొంతులు, వాటి మధ్య పెద్ద పెద్ద నిశ్శబ్దాలు. హైదరాబాద్‌లో మా ఇంట్లో అయితే ఎప్పుడో ఛానెల్ మార్చేసేవాళ్లం. ఆ పిల్లలు మార్చాలనుకోలేదు. ముందు వరుసలో ఒక అమ్మాయి హైదరాబాద్ స్టూడియో సార్ మధ్యమధ్యలో తెలుగులో చెప్పేదాన్ని చిన్నపిల్లలకి కోయలో చెప్తోంది. వెనకనుంచి ఏదో అడిగారు.

"ఏమంటున్నరు?" అని అడిగాను.

"వాళ్ల అమ్మకు ఎరుకేనా అక్కడికి పోయిండని, అని అడుగుతుంది మేడం."

ఆఫీసరు మొదటిసారి నవ్వాడు. సెట్ ఉంచేస్తాడేమో అనిపించింది. ఉంచేస్తే బాగుండని ఎందుకనుకున్నానో నాకే తెలియలేదు. తీసుకుపొమ్మని రాసింది నేనే కదా.

అప్పుడు చంద్రుడి మీద నుంచి బొమ్మ వచ్చింది.

తలకిందులుగా వచ్చింది. నల్లటి ఆకాశం కింద ఉంది, తెల్లటి నేల పైన ఉంది. నిచ్చెన పైనుంచి వేలాడుతోంది. పిల్లలు ఒక్కసారిగా అరిచారు. ఆఫీసరు నావైపు చూశాడు. నేను ఫోన్ తెరలో చూస్తున్నాను. ఫోన్ని ఎటు తిప్పి పట్టుకున్నానా అని అనుమానం వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పాను. ఇది నిజం. వీడియోలో ఆ ఊపు మీరు చూశారు, చూసి నవ్వారు.

ఆ వీడియోలోనే ఒక మూల ముక్కాలి పీట పడిపోతుంది. వాచ్‌మన్ లేడు.

టీవీలో బొమ్మ దానంతటదే సరైంది. ఆకాశం పైకి వెళ్లింది, నేల కిందికి వచ్చింది. నిచ్చెన మీద ఒక కాలు కదిలింది. "దిగుతున్నడు, దిగుతున్నడు!" అని పిల్లలు లేచి నిలబడ్డారు. ఆ కాలు ఇంకో మెట్టు దిగేలోపు బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి, బిగుసుకుపోయి, పోయింది. నీలం తెర. సిగ్నల్ లేదు.

బయటికి పరిగెత్తాను. వాచ్‌మన్ రెండు చేతులతో డిష్‌ని పట్టుకుని, గుమ్మం వైపు మెడ తిప్పి, కబురు కోసం చూస్తున్నాడు.

"ఏం చేసినవ్! ఏం చేసినవ్ నువ్వు!"

"తలకిందులైంది మేడం" అన్నాడు ఆయాసంతో. "మీరు చెప్పిన్రు గద. జల్దీ ఉరుకు, ఎవ్వరినీ అడగకు అని."

అది నా మాటే. నోరు తెరిచేలోపు వెనక ఆఫీసరు వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక వార్డెనమ్మ, ఆమె వెనక బడి మొత్తం.

"డిష్ ఎవరు తిప్పమన్నారు?" అని అడిగాడు ఆఫీసరు.

వాచ్‌మన్ నావైపు ఒకసారి చూశాడు. ఒక్కసారే. "నాకే అనిపించింది సార్" అన్నాడు.

నేను మాట్లాడలేదు. ఇది కూడా రాయాలి కదా, రాస్తున్నాను. మాట్లాడలేదు.

"ఎంతసేపట్లో సరిచేస్తారు?" అని నన్ను అడిగాడు. మీటర్ తెచ్చి, నొక్కాను. ఇంకోసారి నొక్కాను. చచ్చిపోయి ఉంది. జేబులో ఫోన్ మాత్రం నిండా ఛార్జింగ్‌తో వెచ్చగా ఉంది. మీటర్ లేకుండా ఆకాశంలో ఎక్కడో ఉన్న ఒక చుక్కకి డిష్‌ని గురిపెట్టడం నాకు రాదు. ఆ మాట పైకి అనలేక బోల్టులు చూస్తున్నట్టు వంగాను.

"మేడం, నేను పెట్టన్నా?" అన్నాడు వాచ్‌మన్.

తలూపాను.

ఆయన స్తంభం దగ్గర వంగి వేలితో చూపించాడు. స్తంభం మీద ఒక సన్నటి తెల్ల గీత. డిష్‌ని స్తంభానికి బిగించే ఇనప పట్టీ మీద ఇంకో గీత. పొగాకులోకి దాచుకున్న సున్నంతో గీసినవి. "ఈ రెండు కలవాలె. ఇగ ఈ చెయ్యి కొస ట్యాంకు మూలకు చూడాలె" అంటూ డిష్ ముందు పొడుచుకొచ్చిన ఇనప చేతిని చూపించాడు. "కోతులు ఎక్కి కూసుంటయి మేడం. పట్టీ అరిగింది, బరువుకు జారుతది. ఎక్కినప్పుడల్ల నేను గీత చూసి మళ్ల పెడుత. మీరు వచ్చి తుడుస్తరు, మీరు పోంగనే మళ్ల గీస్త."

పక్షి రెట్టలనుకుని ప్రతిసారీ గుడ్డతో తుడిచింది నేనే. అరిగిన పట్టీని చూసి రిపోర్టు రాయాల్సింది కూడా నేనే. నోటు పుస్తకాల్లో పాఠాలు ఎలా వచ్చాయో అప్పుడు అర్థమైంది. నేను వచ్చిన మూడుసార్లూ కోతులు నాకంటే ముందొచ్చాయి, అంతే.

గీతలు కలిపాడు. అది దగ్గరికి మాత్రమే తెస్తుంది, మిగిలిన వెంట్రుకవాసి చూసి జరపాలి. పిల్లలకి చెప్పనక్కర్లేకపోయింది. కోయలో చెప్పిన ఆ అమ్మాయి టీవీ ముందు, ఒకరు గుమ్మంలో, ఒకరు వరండా మెట్ల మీద నిలబడ్డారు. అలవాటైన పని అది. టీవీ తెర మీద సిగ్నల్ అంకె కేకలై గదిలోంచి డిష్ దాకా వచ్చింది.

"పది!"

"పది!"

"పది!"

వాచ్‌మన్ బొటనవేలితో డిష్ అంచుని నెట్టాడు. నెట్టాడంటే నెట్టినట్టు కనపడలేదు.

"ముప్పై!" "ముప్పై!" "ముప్పై!"

"తాతా, ఆగు ఆగు, తగ్గింది!"

వెనక్కి. మళ్లీ ముందుకి. నేను పానా పట్టుకుని ఆయన చెప్పినప్పుడు బోల్టు బిగించడానికి నిలబడ్డాను. ఆ రోజు నా ఉద్యోగం అంతే.

"అరవై! డెబ్బై! వచ్చింది! వచ్చింది తాతా!"

లోపలికి పరిగెత్తాం. టీవీలో ఇద్దరు మనుషులు తెల్లటి బస్తాల్లా గెంతుతున్నారు. మొదటి అడుగు అయిపోయింది. ప్రపంచమంతా చూసిన ఆ ఒక్క అడుగు, ఆ బడి చూడలేదు. పిల్లలు మళ్లీ నేల మీద కూర్చున్నారు. మిగిలినదాన్ని కళ్లార్పకుండా చూశారు.

అన్నాలు తిన్నాక ఆఫీసరు చెయ్యి కడుక్కుని "సూచనల రిజిస్టరు తెండి" అన్నాడు. అందులో రాయబోయేది ఏంటో అందరికీ తెలుసు. బొమ్మ పోయింది. స్టాఫే డిష్ తిప్పారు. నా మెసేజ్‌లో ఉన్నదే ఆయన కళ్లముందు జరిగింది.

వార్డెనమ్మ లేచింది. ఆఫీసు గది పది అడుగులు. ఆవిడ ఎంత నెమ్మదిగా నడిచిందంటే, మోకాళ్ల నొప్పులున్న మనిషి కూడా ఈలోపు రెండుసార్లు వెళ్లొచ్చేది. గుమ్మం దగ్గర ఆగి నావైపు చూసింది. నాకు టైమిస్తోందని అప్పుడు తట్టింది. ఆ రిజిస్టరులో నా మాట ఉందన్నమాట.

రిజిస్టరు లేకపోతే చెప్పేదాన్నా? చాలాసార్లు అడుక్కున్నాను. తెలియదు. చెప్పానన్నది మాత్రం నిజం.

"సార్, తిప్పమన్నది నేను. కోపంలో వెటకారంగా అన్న. బొమ్మ తలకిందులైతేనే ముట్టు అని. ఈ స్కూల్లో వాడకం లేదని మెసేజ్ పెట్టింది కూడా నేనే. అది తప్పు. నోటు పుస్తకాలు చూడండి. ఆయన కోతులని చెప్పబోతే నేను విననేలేదు."

రిజిస్టరు వచ్చింది. ఆఫీసరు చదివాడు. వార్డెనమ్మ గుండ్రటి అక్షరాల్లో, 'చేతులు కడుగవలెను' కింద: "బొమ్మ తలకిందులైనచో మాత్రమే డిష్ ముట్టవలెను. అప్పుడు త్వరగా పరుగెత్తవలెను. ఎవ్వరినీ అడుగరాదు." పక్కన వాచ్‌మన్ వేలిముద్ర.

ఆఫీసరు ఆ వేలిముద్ర మీద వేలు పెట్టి ఇంకోసారి చదివాడు. తర్వాత వాచ్‌మన్‌ని అడిగాడు. "ఆమె వెటకారంగా అందని నీకు తెలియలేదా?"

"నవ్వులకన్నరని నాకు సుత అనిపించింది సార్" అన్నాడు ఆయన. "అయితే మేడం నవ్వలేదు గద."

నేను వార్డెనమ్మ వైపు తిరిగి "ఆ మెసేజ్ నాది అక్కా" అన్నాను.

"నాకెరుకే. ట్యాంకు మీద నిలబడి అంత కోపంగ బటన్లు నొక్కుతుంటే కిందికెల్లి బడంత చూసింది" అంది ఆవిడ.

మూడు గంటలకి అదే ప్రసారం మళ్లీ వేస్తారు. ఆఫీసరు పెన్ను జేబులో పెట్టుకుని, చూసి రాస్తానన్నాడు.

అందరం మళ్లీ కూర్చున్నాం. ఈసారి పదో తరగతి పిల్లలు వాచ్‌మన్‌ని లోపలికి లాక్కొచ్చి ముందు వరుస పక్కనే, కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. మళ్లీ ఆ స్టూడియో మనుషులు, ఆ గరగర, ఆ నిశ్శబ్దాలు. ఈసారి ఏం జరగబోతుందో తెలుసు. తెలిసి ఎదురుచూడటం ఇంకా కష్టమని అప్పుడే తెలిసింది.

బొమ్మ వచ్చింది. తలకిందులుగా.

గదిలో తలలన్నీ టీవీ వైపు కాదు, ఆయన వైపు తిరిగాయి. ఆయన రెండు చేతులతో కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. మెడ నరాలు కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు ముట్టాల్నా, మేడం?"

"వద్దు. ఇది మన డిష్ తప్పు కాదు. ఆళ్ల దగ్గర్నే తలకిందులొచ్చింది. పొద్దున దానంతటదే సక్కగైంది, చూడలేదా?"

"గట్లెట్ల దానంతటదే అయితది?" అన్నాడు, టీవీ మీది నుంచి కళ్లు తీయకుండా. "ఆడ సుత ఎవరో ఒకరు ఉరికి ఉంటరు."

ఆయన ఆ మాట అంటుండగా బొమ్మ తిరగబడి నిలబడింది. ఆకాశం పైకి, నేల కిందికి. నిచ్చెన మీద కాలు, ఇంకో మెట్టు, ఇంకో మెట్టు. ఆ అడుగు పడింది. గది గదంతా లేచింది. పిల్లల గోలలో వాచ్‌మన్ ఏమన్నాడో వినపడలేదు. చువ్వలు వదిలేసి చేతులు దులుపుకోవడం మాత్రం చూశాను.

ఆఫీసరు రిజిస్టరులో రాసింది ఇది: సెట్ ఇక్కడే ఉంచవలెను. పట్టీ మార్చవలెను. డిష్ సంగతి వాచ్‌మన్‌ను అడిగి చేయవలెను. తర్వాత నాతో "ట్యాంకెక్కండి" అన్నాడు. ఎక్కాను. సూపర్‌వైజర్‌కి ఇంకో మెసేజ్ కొట్టాను. ఈసారి నెమ్మదిగా నొక్కాను. కింద బడంతా తలెత్తి చూస్తోంది.

సోమవారం ప్రేయర్లో వార్డెనమ్మ కొత్త సూచన చదివిందట. పాతదాన్ని కొట్టేయలేదట. పైనుంచి వచ్చిన మాట కొట్టేసే అధికారం తనకి లేదందట.

మరుసటి వేసవిలో పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఆ ట్యాంకు మీద నుంచి నాకు ఫోన్ వచ్చింది. అరుపులు తప్ప ఏమీ అర్థం కాలేదు. అర్థం చేసుకోవాల్సింది అరుపుల్లోనే ఉంది. టీవీ ముందు నిలబడి అంకెలు అరిచిన ఆ అమ్మాయి ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతోంది. మిస్‌డ్ కాల్ ఇచ్చి, నేను చేస్తే "మేడం, మీటర్‌కి ఛార్జింగ్ పెట్టిండ్రా?" అని అడుగుతుంది.

నేను ఈ ఆఫీసుకొచ్చాక ఒక సీనియర్ సార్‌ని అడిగాను, ఆ బొమ్మ అలా ఎందుకొచ్చిందని. కెమెరాని ఇరుకైన చోట తలకిందులుగా బిగించారట. బొమ్మని నిలబెట్టడానికి భూమ్మీద, ఉపగ్రహాల పని చూసుకునే మనలాంటి వాళ్ల గదిలో, ఒక స్విచ్ ఉందట. బొమ్మ రాగానే అది వేసి ఉండాలి, కొద్ది క్షణాలు ఆలస్యమైంది. ఎవరో వేశారు. అంటే ఆ అడవి బడి వాచ్‌మన్ చెప్పిందే. దానంతటదే కాలేదు. ఎవరో ఉరికారు.

అందుకే ఆ నలభై సెకన్ల వీడియో ఉంచుకున్నాను. నెట్‌లో ఆ ప్రసారం మొత్తం శుభ్రంగా దొరుకుతుంది, అదీ చూస్తాను. చూసిన ప్రతిసారీ అడుగు కోసం కాదు, ఆ తలకిందుల క్షణాల కోసం. ఆ రోజు గదిలో ఆఫీసరున్నాడు, నేనున్నాను, నా డిప్లొమా ఉంది, నా కెమెరా ఫోన్ ఉంది. బొమ్మ తిరగబడితే ఆఫీసరు నన్ను చూశాడు, నేను ఫోన్ని చూసుకున్నాను. చంద్రుడి మీద నుంచి వచ్చిన బొమ్మైనా సరే, సరిచేయాల్సింది తనేననుకుని లేచింది ఒక్క మనిషి. ప్రోగ్రాం పాడు చేసింది ఆయనే అంటారా ఇంకా? అంటే వచ్చి నా ముందు అనండి, వీడియో మీ కళ్లముందే తీసేస్తాను. కానీ ముందు ఒకటి చెప్పండి: ఆ రోజు ఆ గదిలో మీరుంటే, ఫోన్ కింద పెట్టి లేచేవాళ్లేనా?